దసరా సరుకుకు డబ్బు పంపే ముందు

విజయవాడ వన్‌టౌన్‌లో నాలుగు బట్టల షాపులకు లెక్కలు రాస్తుంటాను. దసరా సరుకు దిగే రోజులొస్తే సూరత్ బిల్లులు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల ఫోన్లు, జీఎస్టీ గడువు అన్నీ ఒకేసారి మీద పడతాయి. "తొందరగా కొట్టేయండి సార్" అన్న మాట రోజుకు పదిసార్లు వినాలి. మోసగాడికి కావాల్సింది కూడా మన తొందరే.

కిందటి సీజన్‌లో ఒక షాపుకి సరుకు పంపే సూరత్ పార్టీ పేరుతో వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. లెటర్‌హెడ్ అదే, జీఎస్టీ నంబరు అదే, బిల్లు నంబరు కూడా మాదే. కింద ఒకే ఒక్క లైను: పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఇకనుంచి డబ్బు ఈ అకౌంట్‌కి వేయండి. మొత్తం 4,80,000 రూపాయలు. కొత్త అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కొట్టి వివరాలు సరిచూస్తే స్క్రీన్ మీద ఫర్మ్ పేరు బదులు ఎవరిదో సొంత పేరు కనపడింది. చెయ్యి ఆగిపోయింది. డైరీలో ఉన్న పాత నంబరుకు ఫోన్ చేస్తే సేఠ్‌గారు "మేమేమీ మార్చలేదు భాయ్" అన్నారు. వాళ్ల మెయిల్‌ను ఎవరో ఎన్నాళ్లుగానో చదువుతున్నారని తర్వాత తెలిసింది.

అలా పేరు చూపించే సదుపాయం, ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్ పద్ధతులకు 2025 ఏప్రిల్ 1 కల్లా పెట్టాలని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. దాన్ని దాటేసి ముందుకెళ్లకండి. నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది అకౌంట్ నంబరును బట్టే. పేరు దగ్గర మీరు ఏది టైపు చేసినా ఆ నంబరున్నవాడికే వెళ్తుంది.

అకౌంట్ మారిందని ఎవరు చెప్పినా, ఆ కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేయొద్దు. పాత బిల్లు తీసి దాని మీదున్న నంబరుకు చేయండి. చాలామంది రూపాయి వేసి చూస్తారు. "వచ్చింది సార్" అని మెసేజ్ పెట్టేది ఆ మోసగాడే అయితే ఆ రూపాయి వల్ల ఏం లాభం?

కౌంటర్ దగ్గర జరిగేవి చిన్న మోసాలే, కానీ రోజూ జరుగుతాయి. పొద్దున్న షట్టర్ తీయగానే క్యూఆర్ స్టిక్కర్ అంచు గోరుతో గీకి చూడండి, పైన ఇంకోటి అంటించి ఉంటే పొర లేస్తుంది. కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు. సౌండ్‌బాక్స్ పలకాలి, లేదంటే మన యాప్‌లో డబ్బు కనపడాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పాలి.

అసలు ప్రమాదం ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) అకౌంట్‌తో, అంటే ఒక లిమిట్ వరకు బ్యాంకు అప్పు వాడుకునే అకౌంట్‌తో. ఆ లిమిట్ మొత్తాన్ని నెట్ బ్యాంకింగ్‌లో తెరిచి పెట్టుకుంటే, పోయేది మన డబ్బు ఒక్కటే కాదు, బ్యాంకు అప్పు కూడా. క్యూఆర్‌కి వేరే అకౌంట్ పెట్టి, రాత్రికి అందులోది ఖాళీ చేయండి. పెద్ద అకౌంట్‌లో రోజువారీ లిమిట్ తగ్గించండి. మేకర్, చెకర్ పద్ధతి ఇవ్వమని బ్యాంకులో అడగండి: ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు ఒప్పుకుంటేనే డబ్బు కదులుతుంది. "ఇద్దరు ఉండొద్దూ, లేటవుతుంది" అంటారు ఓనర్లు. లేటవ్వాలనే కదా పెట్టేది!

ఓనరు ఊళ్లో లేనప్పుడు ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం మన షాపుల్లో మామూలే. నాకు అన్నిటికంటే భయం దీంతోనే. ఓటీపీ చెప్పడం అలవాటైన నోరు, బ్యాంకు పేరు చెప్పి అడిగినవాడికీ చెప్పేస్తుంది. చెకర్ లాగిన్ ఓనరు ఫోన్‌లోనే ఉంటే ఈ బాధ ఉండదు.

బ్యాంకుకిచ్చిన నంబరున్న ఫోన్‌లో వాట్సాప్ గ్రూపులు ఉండకపోతే మంచిది. చలాన్ అనో, కేవైసీ అనో, పెళ్లి శుభలేఖ అనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) ఇన్‌స్టాల్ అయితే ఓటీపీలు అది పంపిన మోసగాడికే పోతాయి. ఆ ఫోన్‌లో కారణం లేకుండా సిగ్నల్ పోయి ఎంతకీ రాకపోతే, టవర్ సమస్యని ఊరుకోకండి. మన నంబరు మీద ఇంకెవరో కొత్త సిమ్ తీసుకుని ఉండొచ్చు. వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత సిమ్ కంపెనీకి చెప్పండి. లాగిన్ పేజీని గూగుల్‌లో వెతకొద్దు. బ్యాంకుల సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in)‌కి మారాయి, చిరునామా చూసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి.

ఇంకొకటి. "మీ కరెంట్ అకౌంట్ వారం రోజులు ఇవ్వండి, కమీషన్ ఇస్తాం" అని వచ్చేవాళ్లు తిప్పేది వేరేవాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు. అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది, కేసు మన పేరు మీద పడుతుంది.

డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయాలి. పోయిన డబ్బు ఇంకో అకౌంట్‌కి మారేలోపే ఆపగలరు. 2017 నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా మన నెత్తినే.

మా కంప్యూటర్ పక్కన గోడకు ఈసారి ఒక కాగితం అంటించాను. 1930, కార్డు వెనకాల ఉండే బ్యాంకు నంబరు, సూరత్ పార్టీల పాత ఫోన్ నంబర్లు. కింద ఫిర్యాదుకు అడిగేవి: యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు), ఎంత, ఏ టైముకి. ఓనరుగారు చూసి నవ్వి, దాని మీదే సరస్వతీ పూజ తేదీ కూడా రాసి వెళ్లారు.