1897 అనే ఒక్క ఏడు పట్టుకుని సాహిత్యం, బొమ్మలు చదవడం ఎట్ల

సాహిత్య చరిత్ర చదువుదామని కూసున్నోళ్లు ఎక్కువమంది నన్నయ దగ్గర మొదలుపెడతరు, శ్రీనాథుని దాకా రాకముందే ఓపిక అయిపోతది, పుస్తకం అల్మారాల పడుతది. దానికన్నా ఒక్క సంవత్సరం తీసుకోండి. ఆ ఏడు ఎవరు ఏం రాసిండ్రు, ఏది అచ్చయింది, ఎవరు ఏ బొమ్మ గీసిండ్రు, అప్పుడు మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఏం నడుస్తుండె, అన్నీ ఒక్క చార్టు మీదికి తెచ్చుకోండి. డిగ్రీ పిల్లలకైనా, గ్రూప్స్‌కు చదివేటోళ్లకైనా, లైబ్రరీల నలుగురు కలిసి చదువుకునేటోళ్లకైనా ఇది మస్తు పనికొస్తది. నేను 1897 తీసుకుని చెప్తున్న, మీరు వేరే ఏడు తీసుకున్నా పద్ధతి ఇదే.

ముందుగాల ఏడును ఎంచుకునే ముచ్చట. గుడ్డిగ ఏదో ఒక సంఖ్య తీసుకోకండి, మీకు ప్రాణమైన ఒక పుస్తకం ఏ ఏడు వచ్చిందో ఆ ఏడు తీసుకోండి, అప్పుడు మధ్యల వదలబుద్ధి కాదు. నాకు 1897 ఎందుకంటే కన్యాశుల్కం మొదటిసారి అచ్చయిన ఏడు అది. కాని ఇక్కడనే ఒక చిక్కుంది చూడండి, ఈ నాటకానికి మూడు తేదీలున్నయి. విజయనగరంల మొదటిసారి ఆడింది 1892ల, పుస్తకంగా వచ్చింది 1897ల, మనమందరం ఇప్పుడు చదివే పెద్ద నాటకం 1909 నాటి రెండో కూర్పు. మొదటి దాంట్ల అయిదు అంకాలే, రెండోదాంట్ల ఏడు. కాబట్టి చార్టు మీద ఏ పేరు రాసినా పక్కన 'ఆడింది', 'అచ్చయింది', 'మార్చి రాసింది' అని తప్పకుండ రాసుకోండి. 1909 పుస్తకం చదివి ఇది 1897 సాహిత్యం అంటే అది తప్పు మాట అయితది, ఎందుకంటే మధ్యల పన్నెండేండ్లు గురజాడ కూడా మారిండు. తొలి కూర్పును పరిశోధకుడు బంగోరె (బండి గోపాలరెడ్డి) పూనుకుని మళ్లీ వెలుగులోకి తెచ్చిండు కాబట్టి దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి వచ్చే చోట్లు మాత్రమన్న పోల్చి చూడండి, ఒక రాత్రి సరిపోతది.

దొరకకపోతే కనీసం తొలి కూర్పుకు గురజాడ ఇంగ్లీషుల రాసిన ముందుమాట చదవండి, ఈ మధ్య పుస్తకాలల్ల కూడా అది ఉంటది. అండ్ల లెక్కలున్నయి. విశాఖపట్నం జిల్లాల బ్రాహ్మణ కుటుంబాలల్ల మూడేండ్లల్ల జరిగిన కన్యాశుల్కం పెండ్లిళ్లు విజయనగరం మహారాజా లిస్టు రాయిస్తే 1034 తేలినయట. అండ్ల 99 మంది పిల్లలకు అయిదేండ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. ఈ లెక్క చదివినంక నాటకంల నవ్వొచ్చే చోట కూడా ఒకసారి ఆగుతం. ఆ మహారాజా ఆనంద గజపతికే పుస్తకం అంకితమిచ్చిండు, తేదీ 1897 జనవరి 1, ఆయన అదే ఏడు మే నెలల పోయిండు. ఇసొంటివి చార్టు మీద నెల పేరుతోటి రాయండి, ఏడు కండ్ల ముందట కదులుతది.

ఇగ తేదీల లెక్క. మన దిక్కు పాత కాయితాలు చూసినోళ్లకు ఫస్లీ అనే రెవెన్యూ సంవత్సరం తెలుసు, భూమి రికార్డులల్ల అదే ఉంటది. హైదరాబాద్ సంస్థానం ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, కాకపోతే అప్పట్ల ఫస్లీ అక్టోబర్‌ల మొదలయ్యేది కాబట్టి 1897ల ఎక్కువ భాగం 1306 ఫస్లీల పడుతది, చివరి నెలలు 1307ల. హిజ్రీ అయితే 1314, 1315. తెలుగు పుస్తకాల మీద హేవిళంబి అని ఉంటే అది 1897 ఉగాది నుంచి తర్వాతి ఉగాది దాకా, దానికి ముందుది దుర్ముఖి. ఈ మూడు లెక్కలు ఒక చిన్న కాయితం మీద రాసి నోట్‌బుక్‌కు అంటించుకోండి. లేకపోతే ఉర్దూ పుస్తకం ఒక దిక్కు, తెలుగు పుస్తకం ఒక దిక్కు పోతయి.

బొమ్మల దగ్గరికి వస్తే ముందు మ్యూజియంకు పోకండి, మీ ఇంట్లనో మేనత్త ఇంట్లనో పాత ఫ్రేముల లక్ష్మి, సరస్వతి బొమ్మ ఉందేమో చూడండి. రవివర్మ 1894ల బొంబాయిల ప్రెస్ పెట్టిండు, రాయి మీద బొమ్మ ఎక్కించి ఒక్కో రంగుకు ఒక్కో రాయితోటి అచ్చు కొట్టుడు అది. బొమ్మ కింది అంచున చిన్న అక్షరాలుంటయి, ఫ్రేమ్ కట్టేటోడు కోసేయకపోతే. అండ్ల లోనావ్లా, మలవ్లి అని ఉంటే అది 1897ది కాదు, బొంబాయిల ప్లేగు వచ్చినంక ప్రెస్‌ను అటు మార్చిండ్రు. భూతద్దం పెట్టి చెంప దగ్గర చూస్తే రంగు సన్నటి చుక్కలుగ కనపడతది. అద్దం తీయకండి, కాయితం అద్దానికి అతుక్కుని ఉంటే చినిగిపోతది, ఫోన్‌తోటి పక్క నుంచి ఫొటో తీయండి, మెరుపు పడదు.

ఫొటోలను కూడా బొమ్మలల్లనే లెక్కేయండి. సికింద్రాబాద్‌ల స్టూడియో పెట్టిన రాజా దీన్ దయాళ్‌కు విక్టోరియా రాణి ఫొటోగ్రాఫర్ అనే గౌరవం దక్కింది 1897లనే. అదే ఏడు మార్చిల రాజమండ్రిల చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టిండు, నవంబర్‌ల దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టిండు. పుట్టినోళ్లను రాయుడు ఎందుకంటరా, ఆ ఏడు గాలి పీల్చినోళ్లు తర్వాత ఏం చేసిండ్రో చూస్తందుకు. దామెర్ల 28 ఏండ్లు నిండకముందే 1925ల పోయిండు, తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటది.

అన్నిటికన్న కష్టమైన గడి మన జిల్లాది, చాలామంది అక్కడ ఖాళీ పెట్టి వదిలేస్తరు, అట్ల చేయకండి. అప్పుడు మనం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలనల ఉన్నం, పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆయన మీదనే పడ్డది. సర్కారు కచేరీల భాష ఉర్దూ, నిజాంకు కవిత్వం నేర్పిన దాగ్ దెహ్లవీ హైదరాబాద్‌లనే ఉండె. తెలుగు, సంస్కృతం పండితులకు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు నీడ. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసుకుంట ఈ సంస్థానాలకు వచ్చిండ్రు. పేర్లు కావాలంటే సురవరం ప్రతాపరెడ్డి 1934ల తెచ్చిన గోలకొండ కవుల సంచిక తీయండి, తెలంగాణల కవులే లేరన్న మాటకు 354 మంది కవులతోటి ఇచ్చిన జవాబది. అండ్ల మీ ఊరి పక్క కవులు దొరికితే వాళ్ల వయసు లెక్కేసి 1897ల ఎన్నేండ్లుండెనో రాసుకోండి.

ఇగ అచ్చుకెక్కనిదే ఎక్కువ. చిందు యక్షగానం, ఒగ్గుకథ, బతుకమ్మ పాట ఆ ఏడు కూడా నడిచినయి, కాని ఫలానా పాట 1897ది అని రాయొద్దు. వాటికి చార్టు కింద వేరే గడి పెట్టండి. అవ్వ పాడితే రికార్డు చేసి ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి రాయండి, తేదీ కన్న ఆ వరుస విలువైంది.

బయటి దేశాలవి మూడే తీసుకోండి, ఎక్కువైతే చార్టు క్విజ్ పేపర్ లెక్క అయితది. నేనైతే డ్రాక్యులా పెడత, మే నెలల లండన్‌ల వచ్చింది, సినిమాలు చూసినోళ్లకు తెల్వదు గాని పుస్తకమంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములే. ఫ్రాన్స్ చిత్రకారుడు పిస్సారో కండ్ల బాధతోటి పారిస్‌ల హోటల్ రూంల కూసుని కిటికీలకెల్లి ఒక్కటే బజారును పొద్దున, వానల, రాత్రి మళ్లమళ్ల గీసిండు. ఇంకో ఫ్రాన్స్ చిత్రకారుడు గోగాఁ తాహితి దీవిల మొదలుపెట్టిన పెద్ద బొమ్మ మూడున్నర మీటర్ల కన్న పొడుగు, కుడి నుంచి ఎడమకు చూడాలె.

నలుగురి ముందు చెప్పేటప్పుడు జనవరి నుంచి డిసెంబర్ దాకా అప్పజెప్పకండి. కన్యాశుల్కం ముందుమాట లెక్క చదవండి, తర్వాత ఇంటి నుంచి తెచ్చిన రవివర్మ బొమ్మ చేతుల పెట్టండి, ఆ తర్వాత మన జిల్లా గడి చూపెట్టి "దీంట్ల మీకు తెలిసింది ఏమన్న ఉందా" అని అడగండి. పెద్దమనుషులు ఉంటే ఎవరో ఒకరు తాత పేరో, ఇంట్ల ఉన్న తాటాకు కట్టనో చెప్తరు. అక్కడికక్కడ చార్టు మీద పెన్సిల్‌తోటి రాసి, తెల్లారి పోయి చూసినంకనే పెన్నుతోటి దిద్దండి.