పాత మోటర్‌హోమ్ బ్యాటరీలు: నల్ల వైరుతో జాగ్రత్త

మాది 1994 మోడల్, ఫోర్డ్ ఇ-350 వ్యాను మీద కట్టిన మోటర్‌హోమ్, అంటే లోపలే ఇల్లున్న బండి. టెక్సాస్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఇలాంటి బండిలో రెండు వేరు వేరు బ్యాటరీ వ్యవస్థలుంటాయి. ఒకటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి. రెండోది లోపలి లైట్లకి, నీళ్ల పంపుకి; దీన్నే ఇంటి బ్యాటరీ అంటాం. మా బండిలో ఇంటి బ్యాటరీగా మెట్టు కింద రెండు 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలున్నాయి. ఒకదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి కలిపితే 12 వోల్టులు వస్తాయి.

ముట్టుకునే ముందు బయటి కరెంటు ప్లగ్ తీసేయండి, ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి. తర్వాత మైనస్ వైరే ముందు విప్పండి.

ఇక రంగుల సంగతి. కారులో నల్ల వైరంటే మైనస్ కదా. అమెరికా మోటర్‌హోమ్‌ల ఇంటి భాగంలో చాలాసార్లు నలుపే ప్లస్, తెలుపు మైనస్! నేను మొదటిరోజు నల్లదాన్ని మైనస్ అనుకుని బిగించబోయాను. మా ఆవిడ "ఒకసారి వోల్ట్ మీటర్ పెట్టి చూడండి" అనబట్టి బతికిపోయాం. పాత యజమానులు ఏ రంగు దొరికితే ఆ రంగు అతికేసి ఉంటారు కూడా. అందుకే ప్రతి వైరునీ మీటర్‌తో చూసి, టేపు మీద రాసి అంటించండి.

ఇంజిన్ ఆపి, కాసేపాగి ఇంటి బ్యాటరీ చూడండి. 12.6 వోల్టులు దాటితే నిండుగా ఉన్నట్టే, 12.1 దగ్గర సగం. ఇంజిన్ ఆన్ చేసినా అంకె 13 దాటకపోతే, రెండు వ్యవస్థల్నీ కలిపే సోలనాయిడ్‌నో (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని ఫ్యూజ్‌నో ముందు అనుమానించండి.