దట్టమైన పిన్నుల కనెక్టర్లకు ఆవిరి సోల్డరింగ్: వేడి వేగమే అసలు సమస్య

అడుగున వందలాది సోల్డర్ (కరిగించి అతికించే లోహం) బంతులుండే కనెక్టర్‌ను వేడిగాలి ఓవెన్‌లో అతికించేటప్పుడు అంచు పిన్నులు ముందుగా వేడెక్కుతాయి, ప్లాస్టిక్ ఒంటి కింద దాగిన మధ్య వరుసలు వెనకబడతాయి. 1970లలో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రూపొందించిన ఆవిరి పద్ధతిలో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పర్‌ఫ్లోరోపాలీఈథర్ ద్రవం మరిగితే వచ్చే ఆవిరి గాలికంటే చాలా బరువైనది కనుక తొట్టి అడుగునే నిలుస్తుంది. చల్లని బోర్డును తాకిన ప్రతిచోటా, ఇడ్లీ పాత్ర మూతకు ఆవిరి పట్టినట్లు, ద్రవంగా మారి తన గుప్తోష్ణాన్ని, అంటే ఆవిరిలో దాగిన వేడిని, అక్కడే వదులుతుంది. ఆ ద్రవం మరిగే ఉష్ణోగ్రతను బోర్డు దాటదు.

సీసం లేని ఎస్‌ఏసీ 305 (తగరం, వెండి, రాగి మిశ్రమం) సోల్డర్ 217–220 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది కాబట్టి 230 డిగ్రీల వద్ద మరిగే ద్రవంతో మొదలుపెట్టాలి. బోర్డు మందంగా ఉందని వెంటనే 240 డిగ్రీల ద్రవానికి మారడం నాకు సబబుగా తోచదు. ముందు సమయం పెంచి చూడాలి. కనెక్టర్ ప్లాస్టిక్ ఎంత వేడిని తట్టుకుంటుందో డేటాషీట్‌లో సరిచూసుకోవాలి. తేమ పీల్చే భాగాలను ప్యాకెట్‌పై సూచించినట్లు ముందుగా ఆరబెట్టాలి.

అసలు జాగ్రత్త వేడెక్కే వేగం దగ్గరే కావాలి. ఆవిరి వేడిని ఎంత త్వరగా అందిస్తుందంటే, సన్నని పిన్ను క్షణాల్లో వేడెక్కుతుంది, లోపలి రాగి పొరకు కలిసిన ప్యాడ్ (పిన్ను అతుక్కునే బోర్డు మీది రాగి బిళ్ల) మాత్రం ఇంకా చల్లగానే ఉంటుంది. కరిగిన సోల్డర్ వేడిగా ఉన్న లోహం వైపే పాకుతుంది కనుక పిన్ను మీదికి ఎక్కిపోయి, ప్యాడ్‌పై అతుకు పలచబడుతుంది లేదా అసలు పడదు. దీన్ని నివారించడానికి ఆవిరి పరిమాణాన్ని హీటర్ శక్తితోనో, బోర్డును దించే లోతుతోనో అదుపులో ఉంచి, 150–180 డిగ్రీల మధ్య కొంతసేపు నిలిపి, ప్యాడ్లూ పిన్నులూ దాదాపు సమానంగా వేడెక్కిన తరువాతే పూర్తి ఆవిరిలోకి దించాలి. సెకనుకు ఒకటి రెండు డిగ్రీల పెరుగుదల క్షేమకరం. నమూనా బోర్డుకు కింది నుంచి రంధ్రం చేసి మధ్య వరుస ప్యాడ్ వద్ద ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ), మూల పిన్ను వద్ద మరొకటి అమర్చి కొలవనిదే ఈ అమరికను ఖరారు చేయకూడదు. వ్యాక్యూమ్ (గాలిని తోడేసే) సదుపాయమున్న యంత్రంలో పీడనాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే సోల్డర్ చిమ్మి పక్క పిన్నులు కలిసిపోతాయి; మెల్లగా దించాలి.

సోల్డర్ గట్టిపడేవరకు బోర్డును కుదుపకుండా ఆవిరి పైన నిలిపి ఉంచాలి. కనెక్టర్ నోరు పైకి ఉంటే అందులో నిలిచిన ద్రవాన్ని ఆ తరువాతే వంచి తొట్టిలోకి పోనివ్వాలి, అది ఖరీదైనది. ద్రవమట్టం తగ్గి హీటర్ బయటపడితే మితిమీరిన వేడికి ద్రవం విషవాయువులుగా విడిపోతుంది. అందుచేత మట్టం తగ్గగానే హీటర్‌ను ఆపే స్విచ్ పనిచేస్తోందో లేదో రోజూ చూడాలి.

ఎక్స్‌రేలో మొదట మధ్య వరుసలనే పరిశీలించాలి. పిన్ను బలిసి ప్యాడ్ వెలితిగా కనబడితే పేస్ట్ (ప్యాడ్‌పై పూసే సోల్డర్ ముద్ద) పెంచవద్దు, వేడెక్కే వేగాన్ని తగ్గించాలి.