పాత జనాభా లెక్కలతో మన వంశం జాడ వెతకడం ఎలా? (శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాల కోసం)

"1931 జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు ఎక్కడ దొరుకుతుంది?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మొదట నేనూ ఇదే ప్రశ్నతో వెతుకులాట మొదలుపెట్టాను. జవాబు ముందే చెప్పేస్తాను: దొరకదు. ఇంగ్లండులో వందేళ్లు గడిచాక ఇంటింటి కాగితాలు జనానికి తెరుస్తారు. 1921 నాటివి 2022లో తెరిచారు. అమెరికాలో 72 ఏళ్లకే తెరుస్తారు కాబట్టి 1950 నాటివి కూడా అదే ఏడాది బయటికొచ్చాయి. మన దేశంలో ఆ పద్ధతి లేదు. 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటా రాసుకున్న వివరాలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. పాత కాగితాలు చాలావరకు లెక్క తేలాక ఉంచనే లేదు.

అలాగని మన జనాభా లెక్కలు వంశ చరిత్రకు పనికిరావనుకోవద్దు. అవి మనిషి పేరు చెప్పవు, ఊరి సంగతి చెప్తాయి. పేరు ఇంకోచోట దొరుకుతుంది. ఈ రెండింటినీ కలపడం మీదే పనంతా నడుస్తుంది.

ముందు ఇంట్లోవాళ్లను అడగండి

ఏ వెబ్‌సైటూ తెరవకముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు, పాత ఊరు, మామ్మల పుట్టింటివారి ఇంటిపేర్లు రాసుకోండి. ఆడవాళ్ల పుట్టింటి పేర్లు ఏ కాగితంలోనూ సులువుగా దొరకవు. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.

వయసు అడిగితే "ఎనభయ్యో, తొంభయ్యో" అంటారు. అలా కాక తెలుగు సంవత్సరం పేరు అడగండి. ధాత అంటే 1936-37, చిత్రభాను అంటే 1942-43, సర్వజిత్తు అంటే 1947-48. పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి ఏ చుట్టులోదో చూసుకోవాలి. సంవత్సరం గుర్తులేకపోతే ఏదో ఒక సంఘటనకు ముడిపెట్టి అడగండి. విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. "బాంబులు పడినప్పటికి నీకు నడక వచ్చిందా?" అని అడిగితే రెండేళ్ల తేడాలో పుట్టిన సంవత్సరం తేలిపోతుంది.

మా వైపు ఇంకో మాట చెవిన పడుతుంది: "మా అయ్య రంగం ఎల్లినాడు." రంగం అంటే బర్మాలోని రంగూన్. ఈ మాట వినబడితే కింద అండర్‌లైన్ చేసుకోండి, తర్వాత పనికొస్తుంది.

మీ ఊరు ఏ ఏడాది ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి

నేను చాలా కాలం వృథా చేసుకున్నది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న. అంతకుముందు పుస్తకాల్లో ఈ పేర్లతో జిల్లాలే ఉండవు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం వైపు ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కింద ఉండేవి. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి, గజపతినగరం, శృంగవరపుకోట, విజయనగరం తాలూకాలు విశాఖపట్నం జిల్లావి. కాబట్టి నరసన్నపేట దగ్గరి ఊరికి 1901 లెక్క కావాలంటే గంజాం చూడాలి, రాజాం దగ్గరి ఊరికైతే విశాఖపట్నం. 1936లో గంజాంలోని తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. అందుకే 1941లో రెండూ ఒకేచోట కనిపిస్తాయి.

1951, 1961, 1971 లెక్కలకు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లా పుస్తకంలో ఉంటాయి. విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట మాత్రం విశాఖపట్నం పుస్తకంలో. 1981 నుంచి విజయనగరానికి విడిగా పుస్తకం ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, రాజాం విజయనగరంలోకి వెళ్లింది. ఒక కాగితం మీద మీ ఊరి పేరు రాసి, పక్కన ఈ సంవత్సరాలు, జిల్లా, తాలూకా వరసగా రాసుకుంటే సగం తికమక తగ్గుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో చిక్కు. పాత పుస్తకాల్లో శ్రీకాకుళం "చికాకోల్", భీమునిపట్నం "బిమ్లిపటం", కళింగపట్నం "కాలింగపటం". ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే ఏమీ రాదు. అక్షరాలు మార్చి మార్చి వెతకండి, కుదరకపోతే తాలూకా పేజీ తెరిచి పేర్లన్నీ కళ్లతో చదవండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

కేంద్ర జనగణన శాఖ వెబ్‌సైట్లో డిజిటల్ లైబ్రరీ ఉంది. 1871 నుంచి వచ్చిన సంపుటాలు అక్కడ పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి. దేశమంతటా ఒకే రోజు లెక్కించిన మొదటి జనగణన 1881 ఫిబ్రవరి 17 నాటిది. అక్కడి నుంచి పదేళ్లకోసారి వరస తప్పలేదు, 2021లోనే ఆగింది.

పాత మద్రాసు సంపుటాల్లో ఎక్కువగా జిల్లా, తాలూకా, పట్టణాల లెక్కలే ఉంటాయి. ఊరి వివరం కావాలంటే 1951 నుంచి వచ్చిన జిల్లా జనగణన హ్యాండ్‌బుక్‌లు పట్టుకోండి. వాటిలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక వరస ఉంటుంది: ఎన్ని ఇళ్లు, ఎంతమంది మగవాళ్లు, ఎంతమంది ఆడవాళ్లు, ఎందరికి చదువొచ్చు, ఎందరు ఏ పని చేసి బతుకుతున్నారు.

"మా ఊరు ఇందులో లేదు" అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. మీ ఊరు శివారు గ్రామం అయ్యుండొచ్చు. శివారు జనాభా అసలు రెవెన్యూ గ్రామంలో కలిపేస్తారు. పాత పట్టా కాగితం మీద రెవెన్యూ గ్రామం పేరు ఉంటుంది, దాన్ని బట్టి వెతకండి.

ఊరి వరసను చదవడం

నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన భాగం ఇది. చీపురుపల్లి వైపు మా అమ్మమ్మ పుట్టిన ఊరి వరస మొదటిసారి చూసినప్పుడు ఆడవాళ్లు మగవాళ్లకంటే బాగా ఎక్కువగా కనిపించారు. అచ్చు తప్పేమో అనుకున్నాను. పక్క ఊరు చూశాను, అక్కడా అంతే. అప్పుడు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది: "మా ఊళ్లో పంట కోతలకి మగోళ్లే ఉండీవోరు కాదు." కూలికి, రేవు పనికి, మిల్లుల పనికి మగవాళ్లు రంగం పోయేవారు, తర్వాత ఖరగ్‌పూర్ రైల్వేకి, కలకత్తా జనపనార మిల్లులకి పోయేవారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఆడవాళ్లు ఎక్కువగా ఉండటానికి ఈ వలసే పెద్ద కారణం. 2011లో కూడా వెయ్యిమంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు ఉన్నారు. కాబట్టి మీ ఊరి వరసలో మగవాళ్లు తగ్గి కనిపిస్తే, ఇంట్లో "ఊరొదిలి పోయిన" ఒకాయన కథ ఉందేమో అడగండి.

రెండు లెక్కల మధ్య జనాభా పెరగకుండా నిలిచిపోయినా, తగ్గినా కారణం వెతకండి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. "ఒకే వారంలో ముగ్గురు పోయారు" అనే కథ మీ ఇంట్లో ఉంటే 1911, 1921 తాలూకా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఊరి పేరునూ పట్టించుకోండి. ఆమదాలవలస లాంటి "వలస" ఊళ్లు ఈ రెండు జిల్లాల్లో లెక్కలేనన్ని. ఎవరో ఎక్కడి నుంచో వచ్చి కట్టుకున్న ఊరని పేరులోనే ఉంది. మీ వంశం అంతకుముందు ఏ ఊరిదో పెద్దల్ని అడిగితే ఆ మాట బయటపడొచ్చు.

కులం వివరాలు 1931 సంపుటాల వరకే పూర్తిగా అచ్చయ్యాయి. అవీ తాలూకా, జిల్లా స్థాయివే. ఒకే కులం ఒక లెక్కలో ఒక పేరుతో, ఇంకో లెక్కలో మరో పేరుతో ఉంటుంది. ఆ అంకెలతో మీ వంశం గురించి ఏదీ నిర్ధారించకండి.

పేర్లు ఇక్కడ దొరుకుతాయి

ఊరి చరిత్ర చేతికొచ్చాక పేర్ల కోసం రెవెన్యూ రికార్డులకు వెళ్లండి. మన ప్రాంతంలో ఎక్కువ ఊళ్లు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, కురుపాం, మందస లాంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి, ఊళ్లు సర్వే చేసి, రైతులకు పట్టాలిచ్చారు. అప్పుడు తయారైనదే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. అందులో సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు, చాలాచోట్ల తండ్రి పేరుతో సహా ఉంటుంది. సెంటు భూమి ఉన్న కుటుంబానికైనా ఒక తరం వెనక్కి వెళ్లడానికి ఇంతకంటే మంచి కాగితం నాకు దొరకలేదు. మా అమ్మమ్మ తాత పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పేరు ఆమె పెదనాన్న పట్టా ఎదురుగా, "తండ్రి" అన్నచోట కనిపించింది.

సర్వే నంబరు తెలుసుకుని తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టండి. నంబరు లేకుండా వెళితే ఎవరూ వెతకలేరు. సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పాత క్రయ, దాన, భాగ పత్రాలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉంటాయి. వాటిలో భాగ పత్రం దొరికితే అన్నదమ్ములందరి పేర్లూ ఒక్కచోట వచ్చేస్తాయి.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి మూసుకుపోతుంది. అలాంటప్పుడు బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటర్ల జాబితా, రైల్వేలోనో మిల్లులోనో పనిచేసినవారి సర్వీసు కాగితాలు చూడండి. బడి రిజిస్టరులో తండ్రి పేరు నమ్మొచ్చు, పుట్టిన తేదీ నమ్మొద్దు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు ఏదో ఒక తేదీ వేసేసిన పిల్లలు ఎంతమందో! కాశీ, గయ, పూరీల్లోని పండాలు (తీర్థ పురోహితులు) యాత్రికుల పేర్లు పుస్తకాల్లో రాసుకునే ఆచారం ఉంది. పెద్దలెవరైనా యాత్రకు వెళ్లొచ్చారంటే అక్కడ ఊరు పేరు చెప్పి అడగండి.

సముద్రం దాటినవారుంటే

మన కోరికకు దగ్గరగా వచ్చే కాగితాలు ఉన్నది ఇక్కడే. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఫిజీకి ఒప్పందపు కూలీలు వెళ్లారు. వాళ్లకు ఒక్కొక్కరికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసిన పత్రం ఉండేది. నేటాల్ ఓడల జాబితాలు ఇంటర్నెట్లో దొరుకుతున్నాయి. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వలసదారుల రికార్డులు భద్రపరిచింది, కొన్నింటికి ఫొటోలూ ఉన్నాయి. జిల్లా గడిలో "గంజాం", "విశాఖపట్నం" స్పెల్లింగులన్నీ వేసి వెతకండి. రంగం వెళ్లినవారికి మాత్రం ఇలాంటి పత్రం ఉండదు. వాళ్లు టికెట్టు కొనుక్కుని ఓడెక్కినవాళ్లు. ఆ జాడ ఇంట్లోని పాత ఉత్తరాల్లో, మనియార్డరు రసీదుల్లో, 1942లో యుద్ధం వల్ల బర్మా నుంచి అడవుల మీదుగా నడిచొచ్చినవారి మాటల్లోనే దొరుకుతుంది.

ఒకే పేరు పదిమందికి ఉంటే

మన ఊళ్లలో సింహాద్రి అప్పన్న పేరున అప్పలనాయుడు, అప్పలస్వామి, అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణ, శ్రీకూర్మం పేరున కూర్మయ్య, పైడితల్లి పేరున పైడిరాజు. ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుకు పదేసి మంది ఉంటారు. పైగా తాత పేరు మనవడికి పెడతాం. ఇంటిపేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఈ మూడింటిలో రెండు కుదిరితేనే మీవాడని రాసుకోండి. ఒక్కటే కుదిరితే పెన్సిలుతో రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఏ కాగితంలో చూశారో, ఏ పేజీయో, ఏ రోజు చూశారో ప్రతి పేరు పక్కనా రాయండి.

ఇంకో పని మిగిలింది. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరిగే జనగణనలో ఇంటికొచ్చి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్‌కు చెప్పిన జవాబులన్నీ అదే రోజు మీ నోట్‌బుక్కులోనూ రాసుకోండి: ఇంట్లో అందరి పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్లు, అమ్మ పుట్టింటి పేరుతో సహా. చివర తేదీ వేసి సంతకం పెట్టి, భూమి పట్టాలు దాచే పెట్టెలోనే దాన్నీ దాచండి.