అమర జవాను జ్ఞాపకార్థ కూడిక ఎలా జరపాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు క్రైస్తవ కుటుంబాల కోసం ఈ కూడికలు చాలాకాలంగా జరిపిస్తున్నాను. కుర్చీలు చాలనివీ చూశాను, మైకు పలకనివీ చూశాను. వాటివల్ల ఎవరి మనసూ నొచ్చుకోలేదు. నొచ్చుకునేది ఒక్కచోటే, పేరు చదివేటప్పుడు. మిగతావి గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

మొదట రోజు. జవాను ప్రాణం విడిచిన తేదీనే పెట్టండి. జనవరి 30న దేశమంతా పాటించే రెండు నిమిషాల మౌనం, డిసెంబరు 7న వచ్చే సాయుధ దళాల పతాక దినం అందరివీ. ఆ ఇంటి క్యాలెండరులో సున్నా చుట్టిన తేదీ వేరు. ఆదివారం కలిసి రాలేదని దాన్ని మరో రోజుకు మార్చవద్దు.

రెండు రోజుల ముందే సమాధికి సున్నం కొట్టించి, రాతి మీది అక్షరాలకు నల్లరంగు దిద్దించండి. చాపలు, తాగునీళ్లు, బైబిలు, కీర్తనల పుస్తకాలు చాలు. సమాధుల తోటలో మైకు వద్దే వద్దు. ఉదయం ఏడింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు ముగుస్తుంది. హిందూ మిత్రులు, ఆయనతో పనిచేసిన జవాన్లు అగరొత్తులు పట్టుకుని వస్తే గేటు దగ్గర ఆపి సిద్ధాంతం బోధించకండి. పూలు ఎక్కడ పెట్టాలో చూపిస్తే మిగతాది వాళ్లే గ్రహిస్తారు.

జెండా గురించి ఒక్క మాట. ఫొటో పెట్టే బల్ల మీద దాన్ని గుడ్డలా పరచకూడదు. దాని మీద పేరు గానీ వచనం గానీ రాయకూడదు. యువజనులు స్కెచ్ పెన్ను తెచ్చి సిద్ధంగా ఉంటే నేనే లాక్కున్న సందర్భం ఉంది. సైనిక లాంఛనాల అంత్యక్రియల్లో సైతం శవపేటిక మీద కాషాయం తలవైపు ఉండేలా కప్పుతారు, సమాధిలోకి మాత్రం దించరు.

ఇక పేరు. మా వైపు చాలామందికి మూడు పేర్లుంటాయి: బడిలో, సైన్యంలో రాయించింది ఒకటి, బాప్తిస్మపు రిజిస్టరులో ఉన్నది ఇంకొకటి, ఇంట్లో పిలిచేది మరొకటి. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా విషయంలో క్రైస్తవ పేరూ, ఉరావ్ గిరిజన వంశపు పేరూ రికార్డులోనే పక్కపక్కన నిలిచాయి. మన ఇళ్లలో అంత సులువుగా కుదరదు.

కొన్నేళ్ల క్రితం నేనే తప్పు చేశాను. ఎవరో ఒడియాలో రాసిచ్చిన జాబితా పట్టుకుని అయిదు పేర్లు గడగడా చదివేశాను. ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుంది కాబట్టి ప్రసాద్ అనే పేరు ప్రొసాదొ అయిపోతుంది. దానికి తోడు ఇంటిపేరు చివరికి పోయింది. ముందు వరుసలో కూర్చున్న ఒక తల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చివరిదాకా ఎదురుచూసింది. ప్రార్థన అయ్యాక నా దగ్గరికొచ్చి, "మా వాడి పేరు చదవలేదేమిటి బాబూ?" అంది. చదివాను. ఆమె వినలేదు, ఎందుకంటే అది ఆమె కొడుకును పిలిచిన పేరు కాదు.

అందుకని వారం ముందే ఆ ఇంటికి వెళ్లండి. ఫోనులో అడగడం పనికిరాదు. కాగితం మీద తెలుగులో మీ చేత్తో రాసి తల్లికో భార్యకో బిగ్గరగా చదివి వినిపించండి. వాళ్లు తల ఊపేదాకా దిద్దండి. వరుస ఇది: హోదా, రెజిమెంటు, రికార్డులోని పేరు, ఆ వెంటనే బాప్తిస్మపు పేరు, తండ్రి పేరు, ఊరు. ఇంట్లో పిలిచే పేరు మీరు పలకవద్దు, అది వాళ్లది. వాళ్లంతట వాళ్లే అడిగితే తప్ప దాని జోలికి పోకండి. కోడలిది ఒడియా కుటుంబమైతే ఒడియా పలుకుబడిలో మరొకసారి వాళ్ల మనిషి చేతే చదివించండి. ఒక్కో పేరు తర్వాత అయిదుసార్లు ఊపిరి తీసుకునేంతసేపు ఆగండి. మౌనం భరించలేక గిటారు మీటేవాళ్లను వెనక వరుసకు పంపండి.

తండ్రి పేరు, ఊరు ఎందుకని అడిగేవాళ్లుంటారు. బైబిలులో రెండో సమూయేలు గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల జాబితా చూడండి. పేరు పక్కనే తండ్రి పేరో, ఊరో ఉంటుంది. ముప్పై ఏడుగురి ఆ లెక్కలో చివరివాడు హిత్తీయుడైన ఊరియా, రాజే కుట్ర పన్ని చంపించిన సైనికుడు. అక్కడ వ్యాఖ్యానం లేదు, పేరు మాత్రం ఉంది. మన బోధకులేమో స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదనే యోహాను 15:13 ఎత్తుకుని ముప్పావుగంట మాట్లాడి జవాను మరణాన్ని సిలువతో సమానం చేసేస్తారు. ప్రేమ గొప్పదే, అయినా విమోచకుడు ఒక్కడే. నేనైతే ఈ జాబితానే చదివించి ప్రసంగం పది నిమిషాల్లో ముగిస్తాను.

ముగింపు ప్రార్థన సంగతి కుటుంబాన్ని అడగండి. కతోలికులు మృతుల ఆత్మల కోసం ప్రార్థిస్తారు. మా బాప్టిస్టు సంఘాల్లో ఆయన జీవితం కోసం దేవునికి స్తుతి చెల్లించి, బతికున్నవాళ్ల కోసం వేడుకుంటాం. పిల్లల చదువు, పెన్షను కాగితాలు లాంటి అవసరాలు ప్రార్థనలో బయటపెట్టకండి, తర్వాత పక్కకు పిలిచి కనుక్కోండి. చివర్లో టీ, బిస్కెట్లు.

పేర్ల కాగితం దాచండి గానీ పై ఏడాది దాన్నే చదవకండి, మళ్లీ ఆ గడప ఎక్కండి. నిరుడు ఒక ఇంట్లో తండ్రి పేరుకు ముందు "కీర్తిశేషులు" అని చేర్చాల్సి వచ్చింది.