గో, వెంట్, గాన్ నోటికి రావాలంటే

రాజోలు దగ్గర ఒక లంక ఊళ్ళో, మా ఇంటి వసారాలో, సాయంత్రం ఆరింటికి ట్యూషన్ చెబుతాను. పదో తరగతి పిల్లలు నలుగురు, రొయ్యల ప్లాంటులో పనిచేసే అమ్మాయిలు ఇద్దరు, కువైట్ వెళ్ళబోతున్న వదిన ఒకరు. మొదటి రోజు అందరూ అడిగేది ఒకటే. "వెర్బ్స్ టేబుల్ ఇచ్చెయ్యండి టీచరుగారండీ, బట్టీ పట్టేస్తాం."

నేనూ అలా పట్టినదాన్నే. నిద్రలో లేపి అడిగినా మూడు ఫారాలూ గడగడా చెప్పేదాన్ని. డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూకి వెళ్తే, "నిన్న ఎందుకు రాలేదమ్మా?" అని ఇంగ్లీషులో అడిగారు. "ఐ డిడ్ నాట్ కేమ్" అన్నాను. టేబుల్ అంతా వచ్చు, వాక్యం రాలేదు. ఆ టెన్షన్ నా దగ్గర చదివేవాళ్ళకి ఉండకూడదు.

అందుకే మొదటి పాఠం తెలుగులోనే. "వెళ్ళాను" అంటాం. కాదనాల్సి వస్తే "వెళ్ళలేదు" అంటాం గానీ "వెళ్ళానులేదు" అని ఎవరం అనం. జరిగిపోయిందన్న సంగతి "లేదు" చూసుకుంటుంది, కాబట్టి అసలు క్రియ మామూలుగా ఉండిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని "డిడ్" చేస్తుంది. అది వచ్చిందంటే పక్కన గో, కమ్, ఈట్ అనే మొదటి ఫారమే రావాలి. డిడ్ నాట్ వెంట్ అనబోయినప్పుడల్లా "వెళ్ళానులేదు" అని పైకి అనుకోండి, చెవికే తప్పు తెలిసిపోతుంది. ప్రశ్నలో మాత్రం తెలుగు సాయం రాదు. మనం "వెళ్ళావా" అంటాం, వాళ్ళు "డిడ్ యూ గో" అంటారు. ఇది విడిగా సాధన చెయ్యాలి.

ఈ క్రియలు తిన్నగా లేవని విసుక్కోకండి. మన "రా" చూడండి. "వచ్చాను" అంటాం, మళ్ళీ "రాలేదు" అంటాం. రోజూ నోట్లో నలిగే మాట కాబట్టే మనకి తేడా తెలియదు. ఇంగ్లీషులోనూ బీ, హావ్, డూ, గో, సే, గెట్ అన్నీ అలా నలిగినవే.

ఇక నోట్‌బుక్‌లో అక్షరక్రమంలో రాయకండి. చెవికి ఒకేలా వినిపించేవి ఒక పేజీలో పెట్టండి. బ్లో, బ్లూ, బ్లోన్. గ్రో, గ్రూ, గ్రోన్. త్రో, నో కూడా అక్కడే. బై, బ్రింగ్, థింక్, క్యాచ్, టీచ్ ఇంకో పేజీ: బాట్, బ్రాట్, థాట్, కాట్, టాట్. సింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్ ఒక గుంపు. పుట్, కట్, షట్, హిట్ అసలు మారవు, వాటికి ఐదు నిమిషాలు చాలు. రీడ్ స్పెల్లింగు మారదు, పలకడంలో మాత్రం రెడ్ అవుతుంది. పేజీకి ఐదారు మించొద్దు.

ఆ తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. మీ ఇంట్లో జరిగిన ఒక సంగతి ఇంగ్లీషులో చెప్పండి. మా పిల్లలకి నేను 1996 నవంబరు తుపాను ఇస్తాను. కోనసీమలో ఏ ఇంట్లో అడిగినా దాని గురించి చెప్పేవాళ్ళుంటారు. పిల్లలు ఇంటికెళ్ళి నాయనమ్మని అడిగి వస్తారు. గాలి వీచింది, ది విండ్ బ్లూ. చెట్లు పడ్డాయి, ది ట్రీస్ ఫెల్. రేకులు ఎగిరిపోయాయి, ది షీట్స్ ఫ్లూ అవే. మొన్న ఒక అమ్మాయి "మై గ్రాండ్‌మదర్ హెల్డ్ మై ఫాదర్ ఆల్ నైట్" అని చెప్పి ఆగిపోయింది. వాళ్ళ నాన్న అప్పటికి చిన్న పిల్లాడట. హోల్డ్, హెల్డ్ ఆ పిల్లకి ఇక మళ్ళీ చెప్పక్కర్లేదు.

అదే కథని మర్నాడు నోట్‌బుక్ మూసి చెప్పాలి. మూడు రోజులాగి మళ్ళీ చెప్పాలి. తడుముకున్న మాట దగ్గర మాత్రమే పేజీ తెరవండి.

మూడో ఫారం ఆఖర్న. పక్కన "హావ్" గానీ "హాజ్" గానీ ఉంటే అది కావాలి, ఐ హావ్ సీన్, షీ హాజ్ గాన్. ఎప్పుడు జరిగిందో చెప్పేస్తే మాత్రం హావ్ తీసెయ్యండి. ధవళేశ్వరం ఆనకట్ట మీద నిలబడి "కాటన్ హాజ్ బిల్ట్ దిస్ ఇన్ 1852" అనకూడదు. ఏడాది చెప్పాం కదా, "కాటన్ బిల్ట్" అంతే. అదే రేవులోకి నీళ్ళు ఇప్పుడే ఎక్కి, ఇంకా అక్కడే ఉంటే "ది వాటర్ హాజ్ కమ్". నిన్న వచ్చాయంటే "కేమ్ యస్టర్‌డే".

కువైట్ వెళ్ళే వదిన నిన్న గుమ్మంలోకి వస్తూనే "ఐ డిడ్ నాట్ ఫర్‌గెట్ ద బుక్" అంది. ఎవరూ అడగలేదు, తనంతట తనే.