ఇంట్లో ఇంక్‌జెట్‌లో ఫొటో రంగులు సరిగా రావాలంటే

స్క్రీన్ మీద రాయల్ బ్లూలో ఉన్న పట్టుచీర ప్రింట్‌లో ఊదా రంగుకు తిరిగిందా? ముఖాలన్నీ ఎండలో తిరిగొచ్చినట్టు ఎర్రబడ్డాయా? అయితే ముందు ఆ ఫొటోను ఎడిట్ చేయడం ఆపండి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఎర్రగా వచ్చిందని ఎరుపు తగ్గిస్తారు, ఈసారి పచ్చగా వస్తుంది, మళ్లీ ఇంకేదో జరుపుతారు, ఈలోపు గ్లాసీ పేపర్ ప్యాకెట్ సగం ఖాళీ అవుతుంది తప్ప అసలు తప్పెక్కడుందో తేలదు. తప్పు చాలాసార్లు ఫొటోలో ఉండదు.

మొదట నాజిల్ చెక్, అంటే ఇంకు చల్లే సన్నటి రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపించే టెస్ట్ పేజీ. మామూలు తెల్ల కాగితం పెట్టి ప్రింటర్ మెనూలోంచే కొట్టండి. గీతలు ఎక్కడా తెగకుండా రావాలి. సయాన్ (లేత నీలం) గీతలు తెగితే ఫొటో ఎర్రబడుతుంది, మెజెంటా (ముదురు గులాబీ) తెగితే ఆకుపచ్చగా మారుతుంది, అప్పుడు మీరు ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి, అప్పటికీ రాకపోతే ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్లీ చూడండి. వరుసపెట్టి క్లీనింగ్ కొడితే ఇంకంతా లోపలున్న వేస్ట్ ప్యాడ్‌లోకి (వృథా ఇంకు పీల్చుకునే మెత్త) పోతుంది, అది నిండితే ఇంకో టెన్షన్. మన ఎండలకి వాడని ప్రింటర్‌లో ఇంకు తొందరగా ఎండిపోతుంది కాబట్టి వారానికి ఒక చిన్న కలర్ పేజీ అయినా తీస్తుండండి.

రెండోది పేపర్ టైప్. నన్నడిగితే ఇంట్లో రంగులు పాడవడానికి పెద్ద కారణం ఇదే. ఏ రంగు ఎంత చల్లాలో ప్రింటర్ లెక్క వేసుకునేది డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, మీరు ఎంచుకున్న పేపర్‌ని బట్టే. ట్రేలో గ్లాసీ పెట్టి సెట్టింగ్ ప్లెయిన్ పేపర్ మీద వదిలేస్తే రంగులు వెలిసిపోయినట్టు వస్తాయి. కానన్ జీ3000 లాంటి ట్యాంక్ ప్రింటర్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. వాటిలో నలుపు పిగ్మెంట్ ఇంకు (కాగితం పైనే నిలిచే సన్నటి రంగుపొడి), మిగతావి డై ఇంకులు (కరిగిపోయి లోపలికి ఇంకే రంగు). ప్లెయిన్ అని చెప్తే ఆ పిగ్మెంట్ నలుపునే వాడుతుంది, అది గ్లాసీ పూతలోకి ఇంకదు, వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. ఫొటో పేపర్ అని సరిగ్గా చెప్తే ఆ నలుపుని పక్కనపెట్టి రంగులు కలిపి నలుపు తెస్తుంది.

మరి బజార్లో దొరికే 180 జీఎస్‌ఎం, 230 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) గ్లాసీ ప్యాకెట్ల పేర్లు డ్రైవర్ లిస్టులో ఉండవు కదా? ఒకే ఫొటోని చిన్నచిన్న ముక్కలుగా, ఒక్కో ముక్కకి ఒక్కో గ్లాసీ సెట్టింగ్ పెట్టి ప్రింట్ తీయండి. ముఖం ఉన్న ఫొటో, కాస్త బూడిద రంగు గోడ కూడా ఉన్నదైతే ఇంకా మంచిది, ఎందుకంటే రంగు ఏ వైపు జరిగినా బూడిద రంగులో ఇట్టే తెలిసిపోతుంది. బాగా వచ్చిన సెట్టింగ్ పేరు ఆ ప్యాకెట్ మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి.

ఫొటోషాప్ లాంటివి వాడేవాళ్లకి ఇంకో గండం. అక్కడ ప్రింట్ విండోలో రంగుల పని ఎవరు చూడాలని అడుగుతుంది, ఫొటోషాపా, ప్రింటరా అని. ఫొటోషాప్ అని చెప్పి, డ్రైవర్‌లో కూడా కలర్ కరెక్షన్ ఆన్‌లో ఉంచితే ఒకే కూరలో అత్తా కోడలూ ఎవరికి వాళ్లు ఉప్పు వేసినట్టే. ముఖాలు మెజెంటా కొట్టాయంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. ఎవరో ఒక్కరికే ఆ పని అప్పగించండి. ఫొటోషాప్‌కి ఇస్తే మీ పేపర్ ఐసీసీ ప్రొఫైల్ (మీ ప్రింటర్, ఇంకు, ఆ పేపర్ కలిస్తే రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) ఎంచుకుని, ఎప్సన్ డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ కస్టమ్ చేసి లోపల నో కలర్ అడ్జస్ట్‌మెంట్ పెట్టండి. కానన్‌లో అయితే కలర్ మాన్యువల్ చేసి, మ్యాచింగ్ దగ్గర నన్ (None) పెట్టండి. మీ పేపర్‌కి ప్రొఫైల్ లేకపోతే ఈ గొడవంతా వద్దు, ఫొటోని ఎస్ఆర్‌జీబీలో (మామూలు స్క్రీన్లు, ప్రింటర్లు అన్నీ అర్థం చేసుకునే రంగుల పద్ధతి) సేవ్ చేసి ప్రింటర్‌కే వదిలేయండి, ఇంటి ఆల్బమ్‌కి అది చాలు.

"రంగు సరే గానీ ప్రింట్ మొత్తం చీకటిగా ఉంది" అంటే తప్పు చాలాసార్లు ప్రింటర్‌ది కాదు, స్క్రీన్‌ది. కొత్త మానిటర్లు, లాప్‌టాప్‌లు షోరూంలో మెరవడానికి పెట్టిన వెలుతురుతోనే వస్తాయి. ప్రింట్ పని కోసం 80 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుతురు కొలత) మధ్య ఉంటే సరిపోతుంది. కొలిచే పరికరం లేకపోతే, పగటిపూట ఒక తెల్ల కాగితం స్క్రీన్ పక్కన పట్టుకుని, స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండూ దాదాపు ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. స్క్రీన్ రంగుని తమంతట తామే మార్చే నైట్ లైట్, ట్రూ టోన్ లాంటివి ఆపేయాలి. ఫోన్‌తో పోల్చుకోవడం అసలు వద్దు, వివిడ్ మోడ్‌లో ఉన్న ఫోన్ చూపించే రంగులు ఏ కాగితమ్మీదా రావు. ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది.

ఇవన్నీ సరిచేసినా కొన్ని రంగులు రావు, అది ముందే తెలుసుకుంటే మనశ్శాంతి. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద పడిన వెలుగుని ఇంకు కొంత మింగి మిగతాదే మనకి చూపిస్తుంది. అందుకే మెరిసే చిలకపచ్చ, ముదురు నీలం, నియాన్ రంగులు ఇంట్లో ఇంకులకి అందవు. ఫొటోషాప్‌లో కంట్రోల్ వై నొక్కితే సాఫ్ట్ ప్రూఫ్‌లో, అంటే కాగితం మీద ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపించే నమూనాలో, ఇది ముందే కనిపిస్తుంది, కాకపోతే ప్రూఫ్ సెటప్‌లో మీ పేపర్ ప్రొఫైల్ ఎంచుకుని ఉండాలి. ఒక్క చీరే ఇబ్బంది పెడుతుంటే ప్రింట్ విండోలో రెండరింగ్ ఇంటెంట్‌ని (కాగితానికి అందని రంగుల్ని ఎలా సర్దాలో చెప్పే సెట్టింగ్) రిలేటివ్ నుంచి పర్‌సెప్చువల్‌కి మార్చి చూడండి. మడతల్లో పోయిన షేడ్లు తిరిగి వస్తాయి, కానీ మిగతా ఫొటోలో రంగుల గాఢత కొంచెం తగ్గుతుంది.

ప్రింట్ బయటికి రాగానే తీర్పు చెప్పేయకండి. డై ఇంకు ఆరేకొద్దీ రంగు సర్దుకుంటుంది, వీలైతే ఒక రోజు ఆగండి. చూసేటప్పుడు కూడా పసుపు బల్బు కింద కాదు, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర చూడండి. డూప్లికేట్ ఇంకు పోస్తే కంపెనీ ప్రొఫైల్స్ దానికి సరిపోవు. పోసేదేదో ఒకే బ్రాండ్ పోయండి, నెలకొకటి మార్చకుండా. అన్నీ అయ్యాక కూడా కొద్దిగా ఏదో రంగు మిగిలితే, ప్రింటర్‌కే రంగులు వదిలినవాళ్లు డ్రైవర్‌లో ఆ రంగు స్లైడర్‌ని ఒకటి రెండు మెట్లు జరిపి, పేపర్ పేరుతో ప్రీసెట్‌గా సేవ్ చేసుకోండి. పేపర్ గానీ ఇంకు గానీ మారిస్తే ఆ ప్రీసెట్ తీసేసి ముక్కల టెస్ట్ మళ్లీ చేయాల్సిందే.